పాట వెనక మాట: ‘ఎవరబ్బ సొమ్మని’ అన్నాక

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్తే. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. దయచేసి పేరు, ఊరు వేయకండి. మా నాన్న పోయేనాటికి నేను ఇంటర్ రెండో సంవత్సరం, తమ్ముడు ఆరో తరగతి. నేను చదువు మానేసి కుట్టుమిషన్ పెట్టుకున్నాను. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్స్, పండగలప్పుడు రాత్రి రెండింటి దాకా పికో. ఆ డబ్బుతోనే వాడి చదువు, అమ్మ మందులు, ఇంటి అద్దె. వాడి ఇంజనీరింగ్ అయి ఉద్యోగం వచ్చాకే నేను పెళ్ళి చేసుకున్నాను. అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వాడి దగ్గర రూపాయి లెక్క ఎత్తలేదు. ఎత్తకూడదనుకున్నాను.

పోయిన మాఘమాసంలో హైదరాబాద్‌లో వాడి గృహప్రవేశం. భోజనాలప్పుడు నేను పెరుగు వడ్డిస్తున్నాను. వాడు నలుగురి మధ్య నిలబడి, ‘ఈ ఇల్లు మా మామగారి చలవ, ఆయన లేకపోతే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణే కాదు’ అన్నాడు. అంతే. బకెట్ కింద పెట్టేశాను. హాస్టల్ మెస్ బిల్లుల దగ్గర్నుంచి, ఎంసెట్ కోచింగు, అమ్మ ఆపరేషన్‌కి తాకట్టు పెట్టిన నా గొలుసు, అన్నీ పేరుపేరునా చదివాను. ‘ఎవడబ్బ సొమ్ముతో చదివావురా? మీ మామ పెట్టాడా?’ అన్నాను. మరదలు వాళ్ళ నాన్న అక్కడే విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. మరదలు ఏడుస్తూ లోపలికి పోయింది. తమ్ముడు ఒక్క మాట అనలేదు. నేను ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. అప్పట్నుంచి మాటల్లేవు.

శ్రీరామనవమికి మా రామాలయంలో భజన పెట్టారు. ‘ఇక్ష్వాకు కులతిలక’ పాడారు. చిన్నప్పట్నుంచి విన్న పాటే. ‘ఎవరబ్బ సొమ్మని’ దగ్గర అందరూ నవ్వారు. నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ దగ్గరికి వచ్చేసరికి ఇక కూర్చోలేక లేచి బయటికి వచ్చేశాను. ఈ పాటకు అసలు అర్థం ఏమిటి? ఆయన తిట్టింది తప్పని ఒప్పుకుంటున్నాడా? అడిగింది తప్పని ఒప్పుకుంటున్నాడా? నేను తమ్ముడికి ఏం చెప్పాలి?

– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి నుంచి రెండో ప్రశ్న ఉంది చూశారూ, తిట్టింది తప్పా, అడిగింది తప్పా అని, ఆ పాట అర్థమంతా అందులోనే ఉంది. అంత సూటిగా ఈ పాట గురించి నన్నెవరూ అడగలేదు. ముందు పాట సంగతి చెబుతాను. మీ తమ్ముడి సంగతి దాని వెనకే వస్తుంది.

తెలియని చిన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ పాట కట్టిన రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఆయనది నేలకొండపల్లి, ఇప్పటి ఖమ్మం జిల్లా. గోల్కొండ నవాబు అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672 నుంచి 1687 దాకా ఏలాడు. ఆయన కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు గోపన్నకు దగ్గరి బంధువులు. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానాకు చేరవలసిన సొమ్ము చేరలేదని గోల్కొండలో చెరలో వేశారు. పన్నెండేళ్ళు అని మన వాళ్ళు చెప్పుకుంటారు. రామదాసు పేరుతో మనం పాడుకునే కీర్తనల్లో చాలా వాటికి ఆ చెర గోడలే నేపథ్యం.

ఇప్పుడు పాట. ‘ఇక్ష్వాకు కులతిలక ఇకనైన పలుకవే రామచంద్రా’ అని మొదలు. ఆ ‘ఇకనైన’ దగ్గర కాసేపు ఆగండి. పాట మొదలయ్యేసరికే చాలాసార్లు పిలవడం అయిపోయింది. జవాబు రాలేదు. ‘పలుకే బంగారమాయెనా’ పాటలోనూ ఇదే గోడు: పిలిచినా పలకవేమి అని. ‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లీ’లో నేరుగా అడిగి లాభం లేక అమ్మ చేత సిఫారసు చేయించుకోవాలని చూస్తాడు. ఈ మనిషి ఒక్కసారిగా తిట్టు దగ్గరికి రాలేదు. బతిమాలాడు, పొగిడాడు, మధ్యవర్తిని పెట్టాడు. మీరైతే అవేవీ చెయ్యలేదు. నోరు కట్టేసుకుని మిషన్ తొక్కారు. ఆయన అడిగి అడిగి తిట్టాడు, మీరు అడగకుండా అడగకుండా తిట్టారు.

తర్వాత లెక్కలు. చుట్టూ ప్రాకారాలు సొంపుగా కట్టించాను, వాటికి పట్టింది పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, పదివేలు. శత్రుఘ్నుడికి మొలతాడు, మొహరీలు పదివేలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, పదివేలు. సీతమ్మకు చింతాకు పతకం, దానికీ పదివేలు. పాఠాంతరాల్లో వరహాలు, మొహరీలు అటూ ఇటూ అవుతాయి గానీ పదివేలు మాత్రం మారదు. ఒకసారి నేను ఆడపిల్లలకు ఈ పాట చెబుతుంటే ఒకమ్మాయి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుని, ‘అన్నిటికీ పదివేలేనా టీచర్? గోడకీ పదివేలు, మొలతాడుకీ పదివేలా?’ అంది. మిగతా పిల్లలు మొలతాడు అనగానే నవ్వడం మొదలుపెట్టారు కానీ, ఆ ఒక్క పిల్ల అడిగింది చాలా పెద్ద ప్రశ్న. పరగణా లెక్కలు రాసిన తహసీల్దారుకు గోడ ఖర్చు, పతకం ఖర్చు వేరని తెలియదా? తెలుసు. దర్బారులో ఆయన్ని అడిగింది లెక్కే, కొట్టింది ఆ లెక్క కోసమే. కానీ ఇక్కడ చదివేది దర్బారు లెక్క కాదు. కడుపులో ఏళ్ళ తరబడి దాచుకున్నవి బయటికి వచ్చేటప్పుడు చిన్నా పెద్దా తేడా ఉండదు. మీరూ నెల మెస్ బిల్లునీ, అమ్మ ఆపరేషన్‌కి కుదువ పెట్టిన గొలుసునీ ఒకే ఊపిరిలో చదివారు. ఆ వేళ రెండూ సమానమే అనిపించి ఉంటాయి.

ఈ పాటలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి ఉంది. దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు నేను పాట ఆపి మరీ చెబుతాను. ప్రతి వస్తువు వెనకా దాని ఖరీదు చెప్పే పాదం వస్తుంది కదా. రెండు చోట్ల మాత్రం రాదు. మొదటిది గోపురాలు, మంటపాల దగ్గర. కుదురుగా కట్టించాను అంటాడు. ఖరీదు చెప్పవలసిన చోట, నన్ను కొత్తవాడిలా చూడకుండా ఈ వేళ కాపాడు అని బతిమాలతాడు. రెండోది కలికి తురాయి దగ్గర. తురాయి అంటే తలపాగాలోనో కిరీటంలోనో పెట్టుకునే నగ. అది రాముడికే. ఇంతవరకూ తమ్ముళ్ళవి, భార్యవి చెప్పుకుంటూ వచ్చి చివరికి రాముడి తల మీది నగ దగ్గరికి వచ్చాడు. ‘నీకు’ అన్నాడు. ఇక్కడ పదివేలు రావాలి. రాలేదు. ఆ చోట్లోనే ‘కులుకుచు తిరిగెద వెవరబ్బ సొమ్మని’ అన్న మాట వచ్చి పడింది. ఆ వెంటనే, మీ నాన్న దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా అని.

అంటే ఒకే చోట ఒకసారి బతిమాలడం వచ్చింది, ఇంకోసారి తిట్టు వచ్చింది. రెండిటి మధ్యా ఉన్నది మూడు పతకాలు, ఒక మొలతాడు. బతిమాలినప్పుడు రాముడు పలికి ఉంటే ఆ తురాయికీ ఒక పదివేలు వేసి పాట ప్రశాంతంగా ముగించేవాడు రామదాసు. నేను నమ్మేది ఇదీ. ఆయన్ని అంతగా కాల్చింది ఖర్చు కాదు. తాను కొరడా దెబ్బలు తింటుంటే, తాను చేయించిన నగ పెట్టుకుని ఎదుటివాడు ఏమీ ఎరగనట్టు కులుకుతూ తిరగడం. మీరు మీ తమ్ముడి చదువుకు పెట్టిన డబ్బు గురించి ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు. వాడు కొత్తింట్లో నిలబడి, మీ చేతి పెరుగు తింటూ, మామగారి చలవ అన్నప్పుడు అన్నారు. ‘నీ మామ జనక మహారాజు’ పాదాన్ని ఆ క్షణంలో మీరు తెలిసి వాడలేదని నాకు తెలుసు. చిన్నప్పట్నుంచి విన్న పాట, నోటికి అదే వచ్చింది.

ఇక మీరు అడిగింది. క్షమాపణ దేనికి?

‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా, ఈ దెబ్బల కోర్వక అబ్బ తిట్టితినయ్య’. చదువుకున్నవాళ్ళు కూడా చాలామంది ఈ చరణాన్ని మొత్తం పాటకు క్షమాపణగా చెబుతారు. భక్తుడు ఆవేశంలో ఏదో అన్నాడు, వెంటనే తెలివి తెచ్చుకుని అంతా వెనక్కి తీసుకున్నాడు అని. పాటలో అలా లేదమ్మా. ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. ఆయన మన్నించమంటున్నది అబ్బను తిట్టినందుకు. దశరథుణ్ణి, జనకుణ్ణి ఈ గొడవలోకి లాగినందుకు. అడిగినందుకు మన్నించమనలేదు. నగలు చేయించాను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. పదివేలను ఐదువేలు చెయ్యలేదు. ఇంత చేసినా నువ్వు పలకలేదు అన్న నింద అలాగే ఉంది. పైగా క్షమాపణ అడుగుతున్న ఆ పాదంలోనే ‘ఈ దెబ్బల కోర్వక’ అని కారణం కూడా పెట్టాడు. నేను తిట్టాను, అది తప్పు. నన్ను కొడుతున్నారు, అదీ నిజం. ఆ రెండిటినీ ఆయన ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోలేదు. అందుకే ఈ చరణం దగ్గర నాకు గొంతు పట్టుకుంటుంది. పశ్చాత్తాపం అంటే పూర్తిగా పడిపోయి ‘అంతా నాదే తప్పు’ అనడం అని మనకు, ముఖ్యంగా ఇంటి ఆడపిల్లలకు, చిన్నప్పట్నుంచీ నేర్పారు. రామదాసు అలా పడిపోలేదు.

క్షమాపణ తర్వాత కూడా పాట ఆగదు. భక్తులందరినీ పాలించే నువ్వు రామదాసుని కూడా క్షేమంగా ఏలుకో అని అడిగి ముగిస్తాడు. మొదట అడిగిందే మళ్ళీ అడిగాడు. తిట్టానుగా, ఇక ఏ మొహంతో అడగను అని ఊరుకోలేదు. బంధం ఉందనుకున్నవాడే అలా అడగగలడు.

ఇక్కడ పండితుల మాట ఒకటి చెప్పాలి. ఈ పాటను నిందాస్తుతి అంటారు. పైకి నిందలా ఉండి లోపల పొగడ్త అయ్యేది నిందాస్తుతి. కాసుల పురుషోత్తమ కవి కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని దేవుడు శ్రీకాకుళాంధ్రదేవుడి మీద రాసిన ఆంధ్రనాయక శతకం అలాంటిది. అందులో దెప్పిపొడుపు విప్పి చూస్తే మహిమ కనిపిస్తుంది. గొప్ప చమత్కారం. ఈ పాటను ఆ గంపలో వేయడం నాకు ఇష్టం లేదు. ‘ఎవరబ్బ సొమ్మని’ని ఎంత విప్పినా లోపల పొగడ్త దొరకదు. అది నిందే. దెబ్బలు తింటున్న మనిషి నోటి నుంచి వచ్చిన నింద. అది నిజంగా నింద కాబట్టే తర్వాతి చరణంలో క్షమాపణ అవసరం అయింది. మాటల చమత్కారానికి ఎవరూ క్షమాపణ చెప్పుకోరు కదా.

మన పెద్దలు ఆ తిట్టును పాటలోంచి తీసెయ్యలేదు. భజన మందిరాల్లో, పెళ్ళి పందిళ్ళలో, రేడియోలో అలాగే పాడుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతులో రామదాసు కీర్తనలు ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఈ పాదం కూడా వెళ్ళింది. త్యాగరాజస్వామి అంతటివారు ‘క్షీరసాగర శయన’లో గజేంద్రుణ్ణి, ద్రౌపదిని తలచుకుని, ఆ వరసలోనే ‘ధీరుడౌ రామదాసుని బంధము తీర్చినది విన్నానురా’ అన్నారు. రాముణ్ణి అబ్బ పెట్టి తిట్టిన మనిషిని ఆయన ధీరుడు అన్నారు. భద్రాచలంలో ఇవాళ్టికీ ఆ చింతాకు పతకం, పచ్చల పతకం కల్యాణానికి స్వామికీ అమ్మకూ అలంకరిస్తున్నారు. లెక్క చదివినందుకు ఎవరూ ఆ నగలు తీసేయలేదు.

మీ భజనలో జనం నవ్వారన్నారు. నవ్వుతారు. వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. దేవుణ్ణి అలా అనడం వినేసరికి ఒక చనువు కలుగుతుంది, ఆ చనువుకు వచ్చే నవ్వు అది. పాడేవాళ్ళు మాత్రం ఆ నవ్వు కోసం కళ్ళెగరేస్తూ పాడితే నాకు బాధగా ఉంటుంది. ఎక్కువగా దీన్ని యదుకుల కాంభోజిలో పాడతారు. ఆ రాగంలోనే ఒక దైన్యం ఉంది. దాన్ని దాని మానాన వదిలేస్తే చాలు.

రామదాసుకు జవాబు వచ్చిందా? కథ అందరికీ తెలిసిందే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్ళి ఆరు లక్షల మాడలు కట్టి రసీదు తీసుకున్నారనీ, ఆ రసీదు నిద్రపోతున్న గోపన్న దగ్గర పెట్టి వెళ్ళారనీ చెప్పుకుంటారు. చిత్రం చూడండి, దర్శనం దొరికింది తానీషాకు. ఇన్నేళ్ళు పిలిచినవాడికి దొరికింది కాగితం ముక్క. తెల్లవారి విషయం తెలిశాక రామదాసు మళ్ళీ ఏడ్చాడంటారు, నాకు కనపడకుండా ఆయనకు కనపడ్డావా అని. జవాబు వచ్చింది, కానీ అడిగినవాడు కోరుకున్న రూపంలో రాలేదు. మీ తమ్ముడి విషయంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వాడు ఎదురుగా కూర్చుని ‘అక్కా, నీ వల్లే నేను ఇంతవాణ్ణయ్యాను’ అంటాడని ఆశ పెట్టుకుని వెళితే, అనకపోతే మళ్ళీ బకెట్ కింద పెట్టవలసి వస్తుంది. వాడి జవాబు ఇంకో దారిలో రావచ్చు. ఇంకొకరి చేత కబురుగా రావచ్చు. ఆలస్యంగా రావచ్చు.

ఇప్పుడు చెయ్యవలసింది. నన్ను అడిగారు కాబట్టి ఉన్నమాట చెబుతాను.

ముందు మీ తమ్ముడికి ఫోన్ చెయ్యకండి. మీ మరదలి నాన్నగారికి చెయ్యండి. ఆ రోజు మీ గొడవలోకి లాగబడ్డ ‘అబ్బ’ ఆయనే. విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన. ఆయన మీకేం చెయ్యలేదు. పిల్లలకు ఇల్లు కట్టుకోవడానికి ఓ చెయ్యి వేశాడు, అంతే. ‘బాబాయిగారూ, శుభకార్యంలో మీ పేరు ఎత్తి అలా అనడం నా తప్పు. మిమ్మల్ని అనాలని కాదు, నా కడుపులో బాధ అలా వచ్చింది, మన్నించండి’ అనండి. ఆ తర్వాత మరదలితో మాట్లాడండి. ఆ పిల్లకు మీ మిషన్ సంగతి, గొలుసు సంగతి ఎంత తెలుసో మీకు తెలియదు. మీ తమ్ముడు చెప్పి ఉండకపోవచ్చు. ఆమె ఏడ్చింది మీరు తిట్టినందుకో, తన పుట్టింటివాళ్ళ ముందు ఇదంతా మొదటిసారి విన్నందుకో, రెండూనో.

తమ్ముడి దగ్గరికి మాత్రం మనిషిగా వెళ్ళండి. ఫోన్లో వద్దు. అందరి ముందు అన్నందుకు, వాళ్ళ మామగారిని అన్నందుకు తప్పయిందని చెప్పండి. అక్కడితో ఆగకండి. ‘నీ నోట నా పేరు రాలేదని నాకు నొప్పి పుట్టింది, ఇంకా పోలేదు’ అని కూడా అనండి. దాన్ని మింగేసి, అంతా నాదే తప్పురా అని వస్తే, ఆ మింగిందే మళ్ళీ ఇంకో పదేళ్ళకు ఇంకెవరి పెళ్ళిలోనో బయటపడుతుంది. లెక్కలు మాత్రం మళ్ళీ చదవకండి. ఒకసారి చదివారు, వాడు విన్నాడు. ఆ రోజు వాడు ఒక్క మాట తిరిగి అనలేదని రాశారు. మీరు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటున్నట్టున్నారు. నాకైతే అలా అనిపించలేదు. ఎదురు చెప్పడానికి ఏమీ లేనివాడు కూడా అలాగే నిలబడతాడు. ఆరో తరగతి నుంచి అక్క కష్టం చూసినవాడికి నోరెత్తే ధైర్యం ఉండదు. ఇది నా ఊహే, వాడి మనసు మీకే ఎక్కువ తెలుస్తుంది. వెళ్ళి చూడండి.

ఇంకో మాట. మీ అమ్మగారు ఉన్నారో లేరో ఉత్తరంలో రాయలేదు. ఉంటే ఆమెను మధ్యవర్తిగా పంపకండి. రామదాసు సీతమ్మ చేత చెప్పించాలని చూశాడు గానీ, చివరికి తన తిట్టూ తనే తిట్టుకున్నాడు, తన మన్నింపూ తనే అడుక్కున్నాడు.

ఇదే పాట మీద ఈ నెల ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. బడిలో పాటల పోటీకి ‘ఇక్ష్వాకు కులతిలక’ నేర్చుకుంది. ‘ఎవరబ్బ’ అన్నది పిల్లల నోట బాగుండదు, ‘ఎవరిచ్చిన’ అని మార్చి పాడించండి అన్నారు. మార్చవచ్చా?

– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మార్చకండి. ‘ఎవరిచ్చిన సొమ్మని’ అంటే ఆ తర్వాత ‘అబ్బ తిట్టితినని’ చరణానికి అర్థం ఎక్కడిది? అబ్బను తిట్టకుండానే తిట్టానని మన్నింపు అడిగినట్టవుతుంది. రెండూ తీసేస్తే పాటలో నగల జాబితా ఒక్కటే మిగులుతుంది. బడిలో మరీ పట్టుబడితే ఈ పాట మానిపించి ‘అదిగో భద్రాద్రి’ పాడించండి. చక్కని పాట, పిల్లల గొంతుకు హాయిగా ఉంటుంది. అమ్మాయికి మాత్రం ఇంట్లో ‘ఇక్ష్వాకు’ ఉన్నది ఉన్నట్టే నేర్పండి. తిట్టు ఎందుకు వచ్చిందో, వెంటనే ఆయన ఏమన్నాడో చెప్పండి. ఏడో తరగతి పిల్లకు బాగానే అర్థమవుతుంది. వాళ్ళకూ స్నేహితురాళ్ళతో తగాదాలు ఉంటాయి.

ప్రశ్న: రామదాసు చెరసాల ఇప్పటికీ చూడవచ్చా? ఈ వేసవి సెలవుల్లో పిల్లలతో హైదరాబాద్ వెళుతున్నాం.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చూడవచ్చు. గోల్కొండ కోటలో పైనున్న బారాదరికి, అంటే దర్బారు మంటపానికి, ఎక్కే దారిలో వస్తుంది. ధాన్యం నిలవ చేయడానికి కట్టిన కొట్టును తర్వాత చెరసాలగా వాడారని చెబుతారు. లోపల చీకటి ఎక్కువ. గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు చెక్కి ఉంటాయి. రామదాసు చెక్కినవేనని అందరి నమ్మకం. బయటి ఎండలోంచి లోపలికి వెళ్ళాక కళ్ళు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడితేగానీ అవి కనపడవు. చాలామంది గుమ్మంలోంచి తొంగిచూసి వచ్చేస్తుంటారు. మీరు అలా చెయ్యకండి. పొద్దున్నే వెళ్ళండి, మెట్లు చాలా ఉన్నాయి, పిల్లలకు నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళండి. ముందు రోజు రాత్రి వాళ్ళకు పాట వినిపించి మరీ తీసుకెళ్ళండి.